గిడుగువారు గ దగ్గరే ఉండాలి

వేదిక మీద ఉన్న ఆచార్యులకు, నిర్వాహకులకు, ఇంత ఎండలో వచ్చిన పరిశోధక విద్యార్థులకు నమస్కారం. టెక్స్ట్ ఎడిటర్‌లో, అంటే హంగులు లేని సాదా అక్షరాలు రాసుకునే ప్రోగ్రాములో, రాసుకుంటూ ఆధార గ్రంథాలను ఎలా చేర్చాలో చెప్పమన్నారు. చెబుతాను. తెలుగు రచయితల పేర్లకు ఈ పరికరాల్లో పడుతున్న గతి గురించిన బాధ ఒకటి చాలాకాలంగా నాలో ఉంది. అదీ ఈవేళ చెప్పే దిగుతాను.

సిద్ధాంత గ్రంథాల్లో ‘పైదే, పు. 45’ అని, అంటే పైన చెప్పిన పుస్తకమే అని, రాయడం మనకు అలవాటు. నా పర్యవేక్షణలో పనిచేసిన ఒక అమ్మాయి మూడో అధ్యాయంలోని పేరాను రెండో అధ్యాయానికి మార్చింది. పేరాతో పాటు పుట అడుగున ఉండే అధోజ్ఞాపికా కదిలింది. అందులో ఉన్నది ‘పైదే’ అన్న మాట. పాత చోట దాని పైన ఉన్నది శాసనాల సంపుటి, కొత్త చోట పైన ఉన్నది నవలా విమర్శ. అలా కాకతీయుల కాలపు శాసన పాఠానికి నవలా విమర్శ ఆధారమైపోయింది. మౌఖిక పరీక్షలో పరీక్షకులు ఆ పుట చూపించమన్నారు. ఆ శాసనాన్ని అక్షరం అక్షరం చదివిన పిల్ల, చదవకుండా రాసిందన్న అనుమానానికి గురై నిలబడింది. ఆ ముఖం నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

అందుకే చెబుతున్నాను, ‘పైదే’ అని చేత్తో రాయకండి. పుస్తకాల వివరాలన్నీ ఒకే ఫైలులో పెట్టుకోండి, దాన్నే బిబ్ ఫైలు అంటారు. ఒక్కో పుస్తకానికి రోమన్ లిపిలో ఒక చిన్న కీ, అంటే గుర్తుపేరు, ఇవ్వండి. ఇంటిపేరు, సంవత్సరం కలిపితే చాలు. వాక్యం రాసిన క్షణంలోనే, పుస్తకం ఇంకా చేతిలో ఉండగానే, చదరపు బ్రాకెట్లలో @ గుర్తు, దాని వెంట కీ, కామా, పుట సంఖ్య కొట్టండి. పేరా ఎక్కడికి వెళ్లినా ఆ కీ దానితోనే వెళుతుంది. చివర్లో పాన్‌డాక్ అనే ప్రోగ్రాము ఆ కీలను చూసి అధోజ్ఞాపికలనూ, ఉపయుక్త గ్రంథసూచినీ తయారుచేస్తుంది. ‘పైదే’ ఎక్కడ రావాలో అధోజ్ఞాపికల శైలి ఫైలు చూసుకుంటుంది. అచ్చుకు పత్రాలను కూర్చే లేటెక్‌లో రాసేవారికి ఈమాక్స్ అనే ఎడిటర్‌లో రెఫ్‌టెక్ అనే సదుపాయం ఉంది. కంట్రోల్ సి, ఆ తర్వాత ఎడమ చదరపు బ్రాకెట్ నొక్కి రచయిత పేరులో ఒక ముక్క కొడితే సరిపోయే పుస్తకాల జాబితా వస్తుంది. ఎంటర్ కొడితే కీ మీ వాక్యంలో ఉంటుంది.

ఇది సైన్సువాళ్ల వ్యవహారం, మనకెందుకు అనుకునేవారు ఈ సభలోనూ ఉన్నారని తెలుసు. అయ్యా, 2006లో పాన్‌డాక్‌ను విడుదల చేసిన జాన్ మెక్‌ఫార్లేన్ బర్క్‌లీలో తత్త్వశాస్త్ర ఆచార్యుడు. అదే ఏడాది, పుస్తకాల వివరాలను సేకరించి దాచే జోటెరో వచ్చింది జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలోని చరిత్ర కేంద్రం నుంచి. ఇవి మనలాంటివాళ్లు తమ అవసరం కోసం చేసుకున్న పనిముట్లు.

ఇక పేర్ల సంగతి. 1985లో, లేటెక్‌కు గ్రంథసూచిని తయారుచేసే బిబ్‌టెక్ రాసినప్పుడు ఇంటిపేరు చివర ఉంటుందని అనుకున్నారు. ‘గిడుగు వెంకట రామమూర్తి’ అని మామూలుగా ఇస్తే అది రామమూర్తిని ఇంటిపేరుగా తీసుకుని గ్రంథసూచి అకారాదిలో ర దగ్గర పెడుతుంది. పోనీ ‘గిడుగు’ తర్వాత కామా పెడదామా? అప్పుడు గ దగ్గరకే వస్తారు గానీ, ‘ప్లెయిన్’ శైలిలో అచ్చయ్యేది ‘వెంకట రామమూర్తి గిడుగు’. ఎవరండీ ఆయన? వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన మనిషిని ఆయన భాషలో రాసిన గ్రంథంలోనే అలా పిలుస్తామా? పేర్లను పొడి అక్షరాలుగా కుదించే శైలి అయితే ఇంకా ఘోరం. కంప్యూటర్ అన్ని లిపులనూ దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక తెలుగు అక్షరసంకేతం మూడు బైట్లు. పాత బిబ్‌టెక్ మొదటి బైటు ఉంచి మిగతా రెండూ కోసేస్తుంది. ‘వె’ ఉండాల్సిన చోట ఏ భాషకూ చెందని ముక్క మిగులుతుంది.

దీనికి మందు ఉంది. పేరు మొత్తాన్ని రెండు జతల మీసాల బ్రాకెట్లలో పెట్టండి. రాసింది రాసినట్టే అచ్చవుతుంది, వరస కూడా ఇంటిపేరుతోనే కుదురుతుంది. జోటెరోలో పేరు పక్కన ఉన్న చిన్న బొత్తాం నొక్కితే రెండు గడులు ఒకటవుతాయి. తెలుగులో రాసే గ్రంథానికి పాత బిబ్‌టెక్ వదిలి, యూనికోడ్, అంటే అన్ని లిపుల సంకేతాలూ, తెలిసిన బైబర్ వాడండి.

ఇంగ్లీషు వ్యాసాల్లో మరో తంటా. తెలుగువాళ్లందరూ రావులు, రెడ్లు, శాస్త్రులు అయిపోయి ఒకే పేరు కింద గుంపుగా పడి ఉంటారు. సాహిత్య విమర్శకులు వేల్చేరు నారాయణరావుగారిని ‘రావు’ కింద పెట్టిన గ్రంథసూచులు నేను చూశాను. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కేటలాగులో ఆయన ‘నారాయణరావు, వేల్చేరు’. వాషింగ్టన్‌లో కూర్చున్నవాళ్లు పట్టించుకున్నది మనం పట్టించుకోవద్దా? ఇంగ్లీషులో రాసేటప్పుడు ‘నారాయణ రావు’ రెండు మాటలూ కామాకు ముందే ఉండాలి. ఈ ఒక్క ముక్క రాసుకోండి, మిగతా ప్రసంగం మరచిపోయినా ఫరవాలేదు.

టైము అయిందని నిర్వాహకులు సైగ చేస్తున్నారు. మీ సంచుల్లో ఉన్న తెలుగు పుస్తకం ఒకటి తీయండి. ముఖపత్రం వెనక పుట చూడండి. అక్కడ ఉన్నది తొలి ముద్రణ సంవత్సరమో, పునర్ముద్రణదో తేల్చుకుని, రెండూ ఉంటే రెండూ రాయండి. పుట సంఖ్యలు మీ చేతిలోని ముద్రణవే కావాలి. ఎడిటర్ తెరిచి మొదటి నమోదు కొట్టండి. నేను వరసల మధ్యకు వస్తాను, పేరు దగ్గర ఆగిపోయినవారు చెయ్యెత్తండి.