జింప్ 3.0లో బ్యాక్‌గ్రౌండ్ బ్లర్: మనిషి చుట్టూ ఆ రంగు అంచు రాకుండా చేయడం ఎలా?

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో చూడబోయేది ఫోటోలు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్ జింప్ 3.0, 2025 మార్చిలో వచ్చిన వెర్షన్. పైసా కట్టక్కర్లేదు. ఫోటో బ్యాక్‌గ్రౌండ్‌ని శుభ్రంగా బ్లర్ చేయడానికి ఇది సరిపోతుందా, ఫోటోషాప్‌తో పోలిస్తే ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ తేలిపోతుంది, అదే ఇవాళ్టి విషయం.

స్క్రీన్ మీద ఉన్న ఫోటో చూడండి. ఫంక్షన్ హాల్లో ఫోన్‌తో తీసిన పెళ్లికూతురి ఫోటో, 4000 బై 3000 పిక్సెల్స్. ఎర్రచీర, జడనిండా మల్లెపూలు, వెనకాల సీరియల్ లైట్లు, ప్లాస్టిక్ కుర్చీలు. ముందు చాలామంది చేసే పద్ధతిలోనే చేద్దాం. మనిషిని సెలెక్ట్ చేశాం, సెలెక్షన్ ఇన్‌వర్ట్ చేశాం, అంటే మనిషి బదులు వెనకాలంతా సెలెక్ట్ అయింది, మామూలుగా వాడే గాసియన్ బ్లర్ 30 ఇచ్చాం. దూరం నుంచి బాగానే ఉంది కదా? ఇప్పుడు భుజం దగ్గర జూమ్ చేస్తున్నా. చీర చుట్టూ ఎర్రటి పొగలాగా కనిపిస్తోంది చూశారా? తల చుట్టూ నల్లటి నీడ.

సెలెక్షన్ ఎంత బాగా చేసినా ఇది పోదు, ఎందుకంటే తప్పు సెలెక్షన్‌ది కాదు. బ్లర్ అంటే ప్రతి పిక్సెల్ తన చుట్టుపక్కల పిక్సెల్స్ రంగుల్ని కలుపుకోవడం. గోడ మీద ఉన్న పిక్సెల్‌కి చుట్టుపక్కల చీర కూడా ఉంది. దాంతో చీరలోని ఎరుపు గోడ మీదికి పాకింది. ఇది పోవాలంటే ఒకటే దారి: బ్లర్ చేసే లేయర్‌లో, అంటే ఆ పొరలో, అసలు మనిషే ఉండకూడదు.

సరే, మొదటి నుంచి చేద్దాం. ఫోటో లేయర్‌కి ఒక డూప్లికేట్ తీయండి. పై లేయర్ మనిషికి, కింది లేయర్ బ్యాక్‌గ్రౌండ్‌కి.

పై లేయర్‌లో ఫోర్‌గ్రౌండ్ సెలెక్ట్ టూల్ తీసుకోండి. మనిషి చుట్టూ కాస్త వదులుగా గీత గీసి ఎంటర్ కొట్టండి. ఇప్పుడు లోపల బ్రష్‌తో గీతలు గీయాలి. ముఖం, జుట్టు, చీర, చేతులు, నగలు, ఏ రంగునీ వదలొద్దు. మల్లెపూల మీద గీయకపోతే, వెనకాల తెల్ల గోడ ఉందనుకోండి, పూలు గోడలో కలిసిపోతాయి. ఇంజిన్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, అందులో మ్యాటింగ్ లెవిన్ పెట్టండి. ఆలస్యం అవుతుంది కానీ జుట్టు దగ్గర మంచి ఫలితం ఇస్తుంది. ప్రివ్యూ చూసుకుని సెలెక్ట్ నొక్కి, ఆ సెలెక్షన్‌తోనే లేయర్ మాస్క్ (తెలుపున్న చోట లేయర్ కనిపిస్తుంది, నలుపున్న చోట దాగుతుంది) పెట్టండి. ఎరేజర్‌తో మాత్రం చెరపొద్దు. మాస్క్ అయితే తర్వాత తెలుపుతో పెయింట్ చేసి పోయినదాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు.

నిజం చెప్పాలంటే, జింప్ వెనకబడేది ఇక్కడే. ఫోటోషాప్‌లో సెలెక్ట్ సబ్జెక్ట్ ఒక్క క్లిక్. అంచుల్లో మిగిలిన పాత రంగుని తీసేయడానికి డీకంటామినేట్ కలర్స్ కూడా ఉంది. జింప్‌లో ఈ పనంతా చేత్తోనే. రోజుకి 50 ఫోటోలు ఇచ్చే స్టూడియో వాళ్లకి ఇది కుదరదు. ఒకటీ రెండూ ఫోటోలు శ్రద్ధగా చేసుకునేవాళ్లకి అడ్డేమీ లేదు.

మాస్క్‌లో మూడు చోట్ల జాగ్రత్తగా చూడండి. చేతికీ నడుముకీ మధ్య సందు, చెవి బుట్టల్లో ఖాళీలు, జడ పక్కన ఎగిరే వెంట్రుకలు. ఆ సందులో వెనకాల కుర్చీ షార్ప్‌గా మిగిలిపోతే, చూసేవాళ్ల కన్ను నేరుగా అక్కడికే పోతుంది. ఇంకొకటి, మొత్తం సెలెక్షన్‌కి ఒకే ఫెదర్ (అంచుని మెత్తబరచడం) ఇవ్వకండి. ఈ సైజు ఫోటోలో చీర అంచుకి ఒకటి, రెండు పిక్సెల్స్ చాలు. జుట్టుకి సాఫ్ట్ బ్రష్‌తో మాస్క్ మీద విడిగా చేయాలి.

ఇప్పుడు అసలు పని. పై లేయర్ కన్ను గుర్తు ఆపేసి, కింది లేయర్‌లో మనిషిని మాయం చేయాలి. మాస్క్‌ని సెలెక్షన్‌గా మార్చండి, దాన్ని 10 పిక్సెల్స్ బయటికి గ్రో చేయండి, క్లోన్ టూల్‌తో పక్కన ఉన్న గోడనీ, కుర్చీలనీ తెచ్చి నింపండి. హీల్ టూల్ వద్దు. అది చుట్టూ ఉన్న రంగుకి సర్దుకుంటుంది, అంటే చీర అంచులో మిగిలిన ఎరుపునే మళ్లీ తెచ్చి పూస్తుంది.

మనిషి మొత్తాన్ని నింపాలా? అక్కర్లేదు. బ్లర్ రేడియస్ 30 అయితే, అంచు నుంచి లోపలికి 40, 50 పిక్సెల్స్ పట్టీ నింపితే చాలు. అంతకన్నా లోపల ఏమున్నా పై లేయర్ కప్పేస్తుంది. ఎలాగూ బ్లర్ అవుతుంది కాబట్టి క్లోన్ అతుకులు కనిపించినా పర్లేదు. రంగు సరిగ్గా ఉంటే చాలు.

తర్వాత సెలెక్షన్ తీసేసి బ్లర్‌కి వెళ్దాం. గాసియన్ వద్దు, లెన్స్ బ్లర్ తీసుకోండి. ఇది 2.10.20 నుంచీ జింప్‌లో ఉంది. తేడా సీరియల్ లైట్ల దగ్గర చూడండి. గాసియన్‌లో బల్బు పొగమంచులా కరిగిపోతుంది, లెన్స్ బ్లర్‌లో గుండ్రటి బిళ్లలా నిలబడుతుంది. నిజమైన లెన్స్ చేసేది అదే. అయితే ఆ బిళ్లలు మసకగా వచ్చాయి కదా. బల్బు అసలు వెలుగు ఎంతున్నా, ఫోన్ జేపెగ్ దాన్ని 255 దగ్గర, అంటే జేపెగ్‌లో గరిష్ఠ వెలుగు దగ్గర, కత్తిరించేసింది. ఆ కాస్త వెలుగే పెద్ద బిళ్లంతా పరుచుకుంటే వెలవెలబోతుంది. హైలైట్ ఫ్యాక్టర్‌ని కొద్దికొద్దిగా పెంచండి, బల్బులు వెలుగుతాయి. ఎక్కువైతే తెల్ల చొక్కాలు కూడా లైట్లలా మెరుస్తాయి, అప్పుడు త్రెషోల్డ్ సర్దాలి.

రేడియస్ ఎంత? ఈ సైజుకి 20 నుంచి 40 మధ్య. 1000 పిక్సెల్స్ వెడల్పున్న ఫోటోకి అందులో నాలుగో వంతు. జింప్ 3.0లో గాసియన్ లాంటి చాలా ఫిల్టర్లు లేయర్ మీద విడిగా ఉండిపోతాయి, రేపు మళ్లీ తెరిచి రేడియస్ మార్చుకోవచ్చు, నాకు బాగా నచ్చింది ఇదే. లెన్స్ బ్లర్‌కి మాత్రం ఆ వీలు లేదు, అది లేయర్‌లోనే కలిసిపోతుంది, అందుకే బ్లర్ చేసే ముందు కింది లేయర్‌కి ఒక కాపీ ఉంచుకోండి.

నిలబడి ఉన్న ఫుల్ ఫోటో అయితే ఇంకో చిక్కు ఉంది. పాదాల కింద నేల కూడా బ్లర్ అయితే మనిషి గాల్లో తేలినట్టు ఉంటుంది. పాదాల దగ్గర నేల షార్ప్‌గా ఉండి, వెనక్కి వెళ్లేకొద్దీ బ్లర్ పెరగాలి. దీనికి లేయర్ మాస్క్‌లో గ్రేడియంట్ వాడితే, మధ్యలో షార్ప్ బొమ్మా బ్లర్ బొమ్మా ఒకదాని మీద ఒకటి కనిపించి డబుల్ ఇమేజ్‌లా ఉంటుంది. అలా కాకుండా, పాదాల దగ్గర నలుపు, దూరంగా తెలుపు వచ్చేలా ఒక గ్రేడియంట్ లేయర్ గీసి, లెన్స్ బ్లర్‌లో ఆక్స్ ఇన్‌పుట్‌గా (ఎక్కడ ఎంత బ్లర్ కావాలో చెప్పే బొమ్మగా) ఇవ్వండి. అప్పుడు రేడియస్సే మెల్లగా పెరుగుతుంది. కెమెరా నుంచి మనిషి ఉన్నంత దూరంలోనే ఉన్న కుర్చీ లాంటివేమైనా ఉంటే ఆ లేయర్‌లో వాటి మీద కూడా నలుపు వేయాలి.

చివరగా గ్రెయిన్, అంటే ఫోటోలో కనిపించే సన్నటి గరుకు చుక్కలు. రాత్రి లైట్లలో ఫోన్ ఫోటోకి మనిషి మీద సన్నటి గ్రెయిన్ ఉంటుంది, బ్లర్ చేసిన చోట అది తుడిచిపెట్టుకుపోతుంది. దాంతో మనిషిని కత్తిరించి అతికించినట్టు కనిపిస్తుంది. కింది లేయర్‌కి ఆర్‌జీబీ నాయిస్ ఇవ్వండి, 0.02 దగ్గర మొదలుపెట్టి, ఇండిపెండెంట్ ఆర్‌జీబీ టిక్ తీసేయండి, లేకపోతే రంగురంగుల చుక్కలు వస్తాయి. ఖాళీ గోడ మీద మెట్లు మెట్లుగా కనిపించే చారలు కూడా దీంతోనే పోతాయి.

లేయర్లు అలాగే ఉండే జింప్ సొంత ఫైల్ ఎక్స్‌సీఎఫ్‌గా ఒక కాపీ దాచుకోండి. పంపడానికి జేపెగ్ క్వాలిటీ 92కి తగ్గకుండా ఎక్స్‌పోర్ట్ చేయండి. అంతకన్నా బాగా తగ్గిస్తే, గోడ మీద ఇప్పుడే పోగొట్టిన ఆ చారలు మళ్లీ వచ్చేస్తాయి.