పాత డొమైన్ పాలసీలు కొత్త డొమైన్‌కి: పేరు వెనక దాగిన నంబరు

[తెర మీద: రాత్రిపూట విశాఖ పోర్టు దీపాలు. తర్వాత ఒక సర్వర్ గది.]

నమస్కారం. నేను విశాఖపట్నంలో సర్వర్లు చూసుకునే పనిలో ఉన్నాను. ఈ వీడియోలో ఒకే ఒక్క పని గురించి మాట్లాడదాం. కంపెనీలోని యూజర్లనీ కంప్యూటర్లనీ ఒకేచోటి నుంచి చూసుకునే మైక్రోసాఫ్ట్ వ్యవస్థే యాక్టివ్ డైరెక్టరీ డొమైన్. మీ కంపెనీ పాత డొమైన్ వదిలేసి కొత్త డొమైన్‌కి మారుతోంది. పాస్‌వర్డ్ ఎంత పొడవుండాలి, సర్వర్‌లోకి ఎవరు లాగిన్ కావచ్చు, ఏ సంఘటన లాగ్‌లోకి ఎక్కాలి అనే సెక్యూరిటీ పాలసీలన్నీ పాత చోటే ఉన్నాయి. వాటిని కొత్త చోటికి ఎలా తీసుకెళ్లాలి?

యూజర్లనీ, గ్రూపులనీ, కంప్యూటర్లనీ మార్చడానికి మైక్రోసాఫ్ట్ వాళ్ల ఏడీఎంటీ అనే టూల్ ఉంది. అది గ్రూప్ పాలసీలను, అంటే ఇందాక చెప్పిన ఆ సెట్టింగుల మూటలను, మాత్రం ముట్టుకోదు. ఆ పని మనమే చేసుకోవాలి. గ్రూప్ పాలసీ మేనేజ్‌మెంట్ కన్సోల్‌లో పాత చోట బ్యాకప్ తీస్తాం, కొత్త చోట ఖాళీ పాలసీ ఒకటి తయారుచేసి అందులోకి ఇంపోర్ట్ చేస్తాం. బటన్లు నొక్కడం వరకూ నిజంగా చిన్న పనే. నేనూ అలాగే అనుకున్నాను.

గాజువాక వైపు ఒక రవాణా కంపెనీ. రెండు సంస్థలు ఒకటయ్యాయి కాబట్టి కొత్త డొమైన్ పెట్టారు. సర్వర్లు మార్చాం, పాలసీలు ఇంపోర్ట్ చేశాం. ఎక్కడా ఎర్రర్ రాలేదు. రెండు వారాలు అంతా బాగానే నడిచింది. ఆ తర్వాత నెలవారీ అప్‌డేట్లు వేసి సర్వర్లు రీస్టార్ట్ చేసిన రాత్రి, ఒంటిగంట దాటాక ఫోన్ వచ్చింది. నైట్ షిఫ్ట్ కుర్రాడు.

"అన్నా, బ్యాకప్ సర్వీస్ స్టార్ట్ అవ్వట్లేదు. డేటాబేస్ కూడా అంతే. 1069 ఎర్రర్ చూపిస్తోంది."

"పాస్‌వర్డ్ ఎవరైనా మార్చారా?"

"లేదన్నా, ఎవరూ ముట్టుకోలేదు."

1069 అంటే సర్వీస్ తన ఖాతాతో లాగిన్ కాలేకపోయిందని అర్థం. కుర్రాడు చెప్పింది నిజమే. పాస్‌వర్డ్‌లో ఏ తప్పూ లేదు. తప్పు రెండు వారాల కిందట నేను తెచ్చిపెట్టిన పాలసీలో ఉంది.

[తెర మీద: నోట్‌ప్యాడ్‌లో తెరిచిన పాలసీ ఫైల్. నక్షత్రం గుర్తుతో మొదలయ్యే పొడవాటి నంబర్లు.]

ఇది జాగ్రత్తగా చూడండి. డొమైన్‌ని నడిపే సర్వర్‌ని డొమైన్ కంట్రోలర్ అంటాం. అందులో సిస్‌వాల్ అనే ఫోల్డర్ ఉంటుంది. ఆ ఫోల్డర్‌లో ప్రతి పాలసీకీ ఒక ఫోల్డర్. దాని లోపల సెక్‌ఎడిట్ అనే ఫోల్డర్‌లో సెక్యూరిటీ సెట్టింగులన్నీ మామూలు టెక్స్ట్ ఫైల్‌గా ఉంటాయి. 'లాగ్ ఆన్ యాజ్ ఎ సర్వీస్' హక్కు ఎవరికి ఉందో చూడండి. కన్సోల్‌లో మనకి చక్కగా పేరు కనిపిస్తుంది. ఫైల్‌లో పేరు లేదు. ఎస్-1-5-21 అని మొదలయ్యే నంబరు ఉంది. దాన్నే సిడ్ అంటాం. మధ్యలో ఉన్న పెద్ద అంకెలు డొమైన్‌వి, చివరి ముక్క ఆ యూజర్‌ది. డొమైన్ అడ్మిన్స్ గ్రూపుకి ఏ డొమైన్‌లో చూసినా చివర 512 వస్తుంది. మధ్య అంకెలు మాత్రం డొమైన్‌కి ఒక రకం.

మన ఊళ్లో లారీ నడిపేవాళ్లకి ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది. విశాఖ పోర్టు గేటు దగ్గర చూపించే పాసు గంగవరం పోర్టు గేటు దగ్గర చెల్లదు. లారీ అదే, డ్రైవరూ అతనే, సరుకూ అదే. అయినా అక్కడి పాసు అక్కడే తీసుకోవాలి. పాత డొమైన్ సిడ్ పట్టుకుని కొత్త డొమైన్‌కి రావడం సరిగ్గా ఇలాంటిదే. సర్వర్‌లోనే పుట్టే అడ్మినిస్ట్రేటర్స్ లాంటి గ్రూపుల సంగతి వేరు. వాటి నంబరు ఎస్-1-5-32-544, అన్ని చోట్లా అదే. ఏ ఊళ్లో ఉన్నా అంబులెన్స్‌కి 108 నొక్కినట్టు. వాటితో ఇబ్బంది రాదు. ఇబ్బంది మనం తయారుచేసుకున్న గ్రూపులతో, సర్వీసులు లాగిన్ అవ్వడానికి వాడే సర్వీస్ ఖాతాలతో.

మరి రెండు వారాలు ఎందుకు బయటపడలేదు? నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే. రెండు డొమైన్ల మధ్య ట్రస్ట్, అంటే ఒకదాని ఖాతాలను ఇంకొకటి నమ్మే సంబంధం, ఇంకా ఉంది కాబట్టి కన్సోల్ ఆ పాత నంబరుని పాత పేరుగా మార్చి చూపించింది. చూసేవాళ్లకి అంతా సరిగ్గా ఉన్నట్టే అనిపిస్తుంది. అసలు జరిగింది వేరు. పాలసీ నుంచి వచ్చే యూజర్ హక్కుల జాబితా సర్వర్‌లో అంతకుముందున్న జాబితాతో కలవదు, దాన్ని పూర్తిగా తీసేసి తన జాబితా పెడుతుంది. కొత్త డొమైన్‌లో తయారుచేసిన సర్వీస్ ఖాతా ఆ జాబితాలో లేదు. అప్పటికే నడుస్తున్న సర్వీస్‌ని ఎవరూ ఆపలేదు కాబట్టి నడుస్తూనే ఉంది. ఆగి మళ్లీ మొదలవ్వాల్సిన రాత్రి హక్కు లేదని తెలిసింది. ఈవెంట్ లాగ్‌లో 7041 నంబరు సంఘటన కనబడితే ఇదే కథ అని అర్థం చేసుకోండి.

[తెర మీద: మైగ్రేషన్ టేబుల్ ఎడిటర్.]

దీనికి మందు మైగ్రేషన్ టేబుల్. కన్సోల్‌తోపాటే వచ్చే చిన్న ఎడిటర్ ఇది. టూల్స్ మెనూలో 'పాపులేట్ ఫ్రమ్ బ్యాకప్' నొక్కితే, బ్యాకప్‌లో ఉన్న ప్రతి యూజర్, ప్రతి గ్రూపు, ప్రతి షేర్ ఫోల్డర్ దారి ఎడమవైపు వరుసగా వచ్చేస్తాయి. కుడివైపు కొత్త డొమైన్‌లో దానికి బదులు ఎవరో మీరు రాయాలి. 'మ్యాప్ బై రిలేటివ్ నేమ్' అని పెడితే అదే పేరున్న గ్రూపుని కొత్త డొమైన్‌లో వెతుక్కుంటుంది. అవసరం లేకపోతే 'నన్' పెట్టండి, ఆ పేరు పడిపోతుంది. 'సేమ్ యాజ్ సోర్స్' అంటే ఉన్నది ఉన్నట్టు. డొమైన్ ఖాతాలకి ఇది పెట్టడమంటే పాత పాసు జేబులో పెట్టుకుని కొత్త గేటుకి పోవడమే.

ఈ టేబుల్ నింపడానికి తొందర పడకండి. నా లెక్కలో మొత్తం పనిలో ముప్పాతిక భాగం ఇదే. ఒక్కో వరుసా చదువుతుంటే, ఉద్యోగం మానేసి వెళ్లిపోయినవాళ్ల ఖాతాలకి ఇంకా సర్వర్ హక్కులున్న సంగతి బయటపడుతుంది. ఎవరికి ఏ హక్కు ఉందో ఆ విభాగం వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. కంప్యూటర్‌కి ఆ జవాబు తెలియదు.

టేబుల్ అయ్యాక పవర్‌షెల్‌లో ఇంపోర్ట్-జీపీవో కమాండ్‌కి బ్యాకప్ పేరు, బ్యాకప్ ఉన్న ఫోల్డర్ దారి, కొత్త పాలసీ పేరు, మైగ్రేషన్ టేబుల్ దారి ఇస్తే సరిపోతుంది. ఇంపోర్ట్‌కి ట్రస్ట్ అక్కర్లేదు. కన్సోల్‌లో ఒక డొమైన్ నుంచి ఇంకో డొమైన్‌కి నేరుగా కాపీ చేయాలంటే కావాలి.

ఇంపోర్ట్‌తో రానివి కూడా తెలుసుకోండి. ఏ ఓయూకి, అంటే డొమైన్‌లో సర్వర్లనీ యూజర్లనీ విడివిడిగా పెట్టే ఏ అరకి, ఏ పాలసీ లింక్ చేశారో రాదు. ఎలాంటి కంప్యూటర్‌కి పాలసీ వర్తించాలో షరతు పెట్టే డబ్ల్యూఎంఐ ఫిల్టర్లు రావు, వాటిని విడిగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. పాలసీ ఎవరికి వర్తించాలో చెప్పే సెక్యూరిటీ ఫిల్టరింగ్ అనుమతులు రావు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. 2016 జూన్‌లో వచ్చిన ఒక సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత యూజర్ పాలసీలను కూడా కంప్యూటర్ ఖాతాతోనే చదువుతారు. ఫిల్టరింగ్ కోసం ఆథెంటికేటెడ్ యూజర్స్ (లాగిన్ అయిన అందరూ వచ్చే గ్రూపు)ని తీసేస్తే, కనీసం డొమైన్ కంప్యూటర్స్‌కి రీడ్ అనుమతి ఇవ్వండి. లేకపోతే పాలసీ మౌనంగా పనిచేయడం మానేస్తుంది.

గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్‌లో పెట్టిన డ్రైవ్ మ్యాపింగులు, లోకల్ గ్రూపుల జోలికి మైగ్రేషన్ టేబుల్ పోదు. వాటిని చేత్తోనే సరిచూడాలి. అలా చూసేటప్పుడు వాటి ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలో సీపాస్‌వర్డ్ అనే మాట వెతకండి. ఒకప్పుడు లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్‌ని ఇలా పాలసీలో పెట్టేవారు. దాన్ని విప్పే తాళం మైక్రోసాఫ్ట్ వాళ్ల డాక్యుమెంట్లలోనే బహిరంగంగా ఉంది. 2014లో అప్‌డేట్ ఇచ్చి కొత్తవి పెట్టకుండా ఆపారు, అప్పటికే ఉన్నవాటిని మాత్రం చెరపలేదు. అది కనిపిస్తే కొత్త చోటికి తేకండి. ఆ పాస్‌వర్డ్ ఎక్కడెక్కడ వాడుతున్నారో అన్నిచోట్లా మార్చేయండి.

డిఫాల్ట్ డొమైన్ కంట్రోలర్స్ పాలసీ మీద పాత బ్యాకప్‌ని ఇంపోర్ట్ చేయొద్దని గట్టిగా చెబుతాను. ఇంపోర్ట్ అంటే లోపలున్నదంతా పోయి కొత్తది రావడం. పాత సిడ్‌లతో నిండిన హక్కులు డొమైన్ కంట్రోలర్ మీదకి వస్తే, మీరే లాగిన్ కాలేని పరిస్థితి రావచ్చు. పక్కపక్కన రిపోర్టులు పెట్టుకుని కావలసినవి చేత్తో రాసుకోండి. పాస్‌వర్డ్ పాలసీ కూడా అంతే. డొమైన్ ఖాతాలకి అది డొమైన్ స్థాయిలో లింక్ అయితేనే పనిచేస్తుంది, ఓయూకి తగిలిస్తే లాభం లేదు.

[తెర మీద: పరీక్ష ఓయూ, అందులో ఒకే ఒక్క సర్వర్.]

ఇక పరీక్ష. ఒక ఓయూ విడిగా పెట్టి, అందులో ఒక్క సర్వర్ ఉంచి, పాలసీ లింక్ చేయండి. మామూలుగా పాలసీ 90 నిమిషాలకోసారి, దానికి 30 నిమిషాల వరకూ అదనంగా కలుపుకుని వస్తుంది. మీరు ఆగక్కర్లేదు, పాలసీని వెంటనే తెప్పించే జీపీ-అప్‌డేట్ ఫోర్స్ కొట్టి, ఏ పాలసీ వచ్చిందో చూపే జీపీ-రిజల్ట్ రిపోర్ట్ తీయండి. అక్కడితో ఆపేయకండి. పట్టపగలు, అందరూ ఆఫీసులో ఉన్నప్పుడు, ఆ సర్వర్‌ని రీస్టార్ట్ చేయండి. ప్రతి సర్వీస్ లేచిందో లేదో ఒక్కొక్కటిగా చూడండి. అర్ధరాత్రి ఆ కుర్రాడు ఒంటరిగా పడ్డ టెన్షన్ ఇంకొకరు పడకూడదు.

ఆ రాత్రి మేం పాలసీలో కొత్త ఖాతాలు చేర్చి, జీపీ-అప్‌డేట్ కొట్టి, సర్వీసులు లేపేసరికి మూడు దాటింది. మర్నాడు నేను చేసిన మొదటి పని, కొత్త డొమైన్ సిస్‌వాల్ మొత్తంలో పవర్‌షెల్ సెలెక్ట్-స్ట్రింగ్ కమాండ్‌తో పాత డొమైన్ సిడ్ మధ్య అంకెలను వెతకడం. ఆ తర్వాత పాత డొమైన్ పేరుతో ఇంకోసారి. మీరూ అదే చేయండి. దొరికిన ప్రతిచోటా సరిచేసి, మళ్లీ వెతకండి. రెండు వెతుకులాటల్లోనూ ఒక్క వరుస కూడా రాని రోజున ట్రస్ట్ తీసేయండి.