నడుము ఊడిన బొమ్మలు

శ్రోతలకు నమస్కారం.

పోయిన నెల టి.నగర్‌లో మా అక్కయ్య వాళ్ళింట్లో అటక సర్దుతుంటే ఒక గుడ్డసంచీ బయటపడింది. విప్పితే పది పన్నెండు ప్లాస్టిక్ సైనికులు. ఒక్కొక్కటీ నాలుగంగుళాలకి కాస్త తక్కువ. సగం బొమ్మలకి నడుము ఊడిపోయి, మొండెం ఒకచోట, కాళ్ళు ఒకచోట పడి ఉన్నాయి. "ఇంకెందుకురా ఇవి, పాత సామాన్ల బండికి వేసెయ్" అంది అక్కయ్య. "ఆగక్కా" అని సంచీ ఒళ్ళో పెట్టుకున్నాను. అవి మా మేనల్లుడు చిన్నప్పుడు ఆడుకున్న జి.ఐ. జో బొమ్మలు.

ఈ బొమ్మల కథ 1964లో మొదలైంది. అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ పన్నెండంగుళాల సైనికుడి బొమ్మ తయారు చేసింది. ఆడపిల్లల బొమ్మ అనుకుని మగపిల్లలు ముట్టుకోరేమోనని దానికి 'యాక్షన్ ఫిగర్' అని పేరు పెట్టింది. ఆ మాటే తర్వాత ఈ బొమ్మలన్నిటికీ స్థిరపడింది.

చిన్న సైజుకి ఊపు తెచ్చింది మాత్రం స్టార్ వార్స్. 1977లో సినిమా వచ్చి విరగబడి ఆడింది. బొమ్మలు చేసే హక్కు కెన్నర్ కంపెనీది. క్రిస్మస్ దగ్గరపడింది, అచ్చులు ఇంకా తయారు కాలేదు. అప్పుడు ఆ కంపెనీ బొమ్మలు లేని అట్ట ప్యాకెట్టు అమ్మింది! అందులో ఉన్న కూపన్ పోస్టులో పంపితే, 1978లో నాలుగు బొమ్మలు ఇంటికొస్తాయి. పిల్లలు ఆ ప్యాకెట్టు కొనిపించుకుని, పోస్ట్‌మాన్ కోసం ఎదురుచూశారు. ఆ బొమ్మల ఎత్తు సుమారు మూడుముప్పావు అంగుళాలు. 1982లో జి.ఐ. జో కూడా అదే సైజులో మళ్ళీ వచ్చింది. ఈసారి లేజర్ తుపాకులతో, తర్వాత అంతరిక్షపు దుస్తులతో కూడా.

ఇక మన సంచీలోవి ఫన్‌స్కూల్ వాళ్ళవి. 1987లో మొదలైన ఆ కంపెనీ మన చెన్నై ఎం.ఆర్.ఎఫ్. వాళ్ళది. అమెరికా అచ్చులతోనే ఇక్కడ పోతపోశారు కానీ, చాలా బొమ్మలకి రంగులు మార్చేశారు. అక్కడ ఒక రంగు చొక్కాతో ఉన్న సైనికుడు ఇక్కడ ఇంకో రంగులో కనిపిస్తాడు. అమెరికాలో ఆ వరస 1994లో ఆగిపోయాక కూడా ఇక్కడ వస్తూనే ఉన్నాయి. అందుకే విదేశాల్లో సేకరించేవాళ్ళు మన దేశపు బొమ్మల్ని ఏరికోరి వెతుక్కుంటారు. మనమేమో బండికి వేసేస్తున్నాం. అది తలుచుకుంటే నాకు బాధేస్తుంది.

బొమ్మ విలువ ఎలా కడతారని చాలామంది అడుగుతారు. అట్ట మీద సీలు విప్పనిదైతే ఒక లెక్క. అట్ట మడత పడిందా, పైన ప్లాస్టిక్ బుడగ పసుపెక్కిందా చూస్తారు. వందకి మార్కులు వేసి, డబ్బాలో సీలు చేసి ఇచ్చే సంస్థలు కూడా ఉన్నాయి. నాకు మాత్రం విడి బొమ్మలంటేనే ఇష్టం, చేత్తో పట్టుకుని చూడొచ్చు కాబట్టి. మొదట బొటనవేళ్ళు చూస్తాను. తుపాకీ పెట్టీ తీసీ అవే ముందు విరుగుతాయి. తర్వాత తొడల మధ్య సన్నటి ప్లాస్టిక్, ఆపైన ముక్కు మీద రంగు. చివరగా మోచేయి వంచి వదులుతాను. వంచినచోటే ఆగితే కీలు బాగున్నట్టు.

సామాను ఉందా లేదా అన్నది పెద్ద విషయం. చిటికెన వేలంత తుపాకీ పోతే ధర బాగా పడిపోతుంది. నేనొకసారి మోసపోయాను. అసలు తుపాకీయే అని చెప్పి ఒకాయన కొత్తగా పోతపోసింది అంటగట్టాడు. ఇంటికొచ్చి అసలుదాని పక్కన పెట్టి చూస్తే తెలిసింది. గీతలు మొద్దుబారి ఉన్నాయి, మెరుపు ఎక్కువ. అప్పట్నుంచీ పోల్చి చూడకుండా కొనడం మానేశాను. ఇంకో మాట, పాత బొమ్మల మీద ముద్రించి ఉండే సంవత్సరం హక్కులకి సంబంధించింది. బొమ్మ అదే ఏడాది తయారైందని నమ్మి డబ్బు పెట్టకండి.

నడుము ఎందుకు ఊడిందంటారా? వీపు మీద ఒక స్క్రూ ఉంటుంది. అది విప్పితే ఛాతీ రెండు చెక్కలుగా విడిపోతుంది. లోపల నల్లటి రబ్బరు రింగు ఒకటి ఛాతీలోని చిన్న గుంజకి తగిలి, నడుము గుండా కిందికొచ్చి, కాళ్ళని కలిపే ఇనుప కొక్కేన్ని పట్టుకుని ఉంటుంది. బొమ్మంతా నిలబడేది ఆ రింగు మీదే. అటక మీద ఇన్ని చెన్నై ఎండాకాలాలు గడిచేసరికి అది ఎండిపోయి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. ఉప్పుగాలికి స్క్రూలు కూడా తుప్పు పట్టాయి.

గోరువెచ్చని సబ్బునీళ్ళలో కడిగాను. థిన్నర్ వాడితే రంగు పోతుంది, ఎండలో ఆరబెడితే తెల్లటి ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. అందుకని నీడలో పాత తువ్వాలు పరిచి ఆరబెట్టాను. కుళాయి సామాను అమ్మే కొట్లో కొలతకి సరిపోయే రింగులు దొరికాయి. మేనల్లుడు బెంగళూరు నుంచి వీడియో కాల్‌లో చూస్తూ, "మామయ్యా, ఆ బొటనవేలు నేనే విరగ్గొట్టాను, కారు అద్దానికి వేలాడదీస్తే పడిపోయింది" అన్నాడు. ఆ మాట చీటీ మీద రాసి బొమ్మతోపాటు పెట్టాను.

ఏడు బొమ్మలు నిలబడ్డాయి. తుపాకులు రెండే దొరికాయి. అటక మీద ఇంకో రేకు డబ్బా ఉందని అక్కయ్య నిన్న ఫోన్ చేసింది. ఆదివారం వెళ్తున్నాను. సెలవు.