నిద్ర లేవగానే కూలబడే కంప్యూటర్

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం ప్రశ్న హన్మకొండ చౌరస్తా దగ్గర డీటీపీ సెంటర్ నడిపే ఒక శ్రోతది. మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ కంప్యూటర్‌ను స్లీప్‌లో పెడతారట. వచ్చి మౌస్ కదిపితే ఫ్యాన్ తిరుగుతుంది, కీబోర్డు లైటు వెలుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. కాసేపటికి దానంతట అదే రీస్టార్ట్ అవుతుంది. సేవ్ చేయని పెళ్లి పత్రిక గోవిందా! షాపులో చూపిస్తే ఫార్మాట్ చేసి ఇచ్చారు. కొద్ది రోజులకే మళ్లీ మొదలైంది. వరంగల్‌లో ఏళ్ల తరబడి కంప్యూటర్లు బాగుచేస్తున్న అన్న మనతో ఉన్నారు. అన్నా, ఫార్మాట్ చేసినా ఎందుకు పోలేదంటారు?

టెక్నీషియన్: ఫార్మాట్ మా వాళ్లకు అలవాటైన మందు, చెల్లె. ఏ జబ్బుతో వచ్చినా అదే రాసిస్తారు. తప్పు విండోస్‌లో ఉంటే పోతుంది, కరెంటు దారిలో ఉంటే ఎలా పోతుంది? ముందు స్లీప్‌లో ఏం జరుగుతుందో చూడాలి. ప్రాసెసర్, డిస్కు, గ్రాఫిక్స్ కార్డు అన్నీ ఆగిపోతాయి. ర్యామ్‌కు మాత్రం కొద్దిగా కరెంటు అందుతూ ఉంటుంది, మనం తెరిచి ఉంచిన పని అందులోనే ఉంటుంది కాబట్టి. లేపినప్పుడు ఒక్కో భాగాన్నీ దాని డ్రైవర్, అంటే ఆ భాగాన్ని విండోస్‌తో కలిపి నడిపే ప్రోగ్రామ్, మళ్లీ సిద్ధం చేయాలి. కాబట్టి ఆ కరెంటు తడబడి ర్యామ్‌లోని పని చెడినా కూలుతుంది, ఏదో ఒక డ్రైవర్ మొరాయించినా కూలుతుంది. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు మదర్‌బోర్డును లేపే ప్రోగ్రామ్‌లో, లోపం ఉన్నా అంతే.

వ్యాఖ్యాత: ఇందులో ఏదో బయటి నుంచి ఎలా తెలుస్తుంది?

టెక్నీషియన్: స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందే చాలా తెలుస్తుంది. విండోస్‌లోనే ఉండే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ చూడమనండి. కెర్నల్ పవర్ పేరుతో ఉన్న వరుసలు, వాటి ఈవెంట్ ఐడీ అంకెలు ముఖ్యం. 42 అంటే కంప్యూటర్ నిద్రలోకి వెళ్తోందని. 107 అంటే లేచిందని. 41 అంటే సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే మళ్లీ మొదలైందని. 42 తరువాత 107 లేకుండా నేరుగా 41 కనిపిస్తే, విండోస్‌కు మెలకువ రాకముందే ప్రాణం పోయిందన్నమాట. అప్పుడు నేను ముందు హార్డ్‌వేర్‌ను అనుమానిస్తాను. 42, 107, ఆ తరువాత 41 ఉంటే విండోస్ లేచాక కూలింది, డ్రైవర్ వైపు చూడాలి.

వ్యాఖ్యాత: నూటికి నూరు పాళ్లూ నమ్మవచ్చా?

టెక్నీషియన్: నమ్మలేం. డిస్కే సరిగ్గా లేవకపోతే ఆ వరుస రాయడానికి చోటే దొరకదు కదా. అందుకే ఇంకో పరీక్ష పెడతాను. స్లీప్ బదులు హైబర్నేట్‌లో పెట్టి లేపమంటాను. హైబర్నేట్‌లో పని మొత్తం డిస్కు మీదికి వెళ్తుంది, ర్యామ్‌కు కరెంటు అక్కర్లేదు. కానీ డ్రైవర్లు మాత్రం అందులోనూ పడుకుని లేవాల్సిందే. రెండింటిలోనూ కూలితే డ్రైవర్. హైబర్నేట్ నుంచి ప్రతిసారీ హాయిగా లేచి, స్లీప్ నుంచి మాత్రమే కూలితే ర్యామ్, కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపిఎస్ డబ్బా, బయోస్, వీటిలో ఏదో ఒకటి.

వ్యాఖ్యాత: మన శ్రోత కంప్యూటర్ హైబర్నేట్ నుంచి బాగానే లేస్తోందట. లాగ్‌లో 107 కూడా లేదట.

టెక్నీషియన్: అయితే ఊదా రంగు తీగ దగ్గరికి వెళ్దాం. ఎస్‌ఎంపిఎస్ నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌లో ఒక ఊదా తీగ ఉంటుంది. కంప్యూటర్ ఆపేసినా గోడ దగ్గర స్విచ్ వేసి ఉన్నంతసేపూ అందులో 5 వోల్టులు ఉంటాయి. దాన్నే స్టాండ్‌బై అంటాం. స్లీప్‌లో ర్యామ్‌ను బతికించేది ఆ తీగే. మల్టీమీటర్ నల్ల కొనను ఏదైనా నల్ల తీగ మీద, ఎర్ర కొనను ఊదా తీగ వెనుక పెట్టి చూస్తే 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. కంప్యూటర్ పూర్తిగా ఆపేసి కొలుస్తారు, భారం లేదు కాబట్టి 5 చూపిస్తుంది, బాగుందనుకుంటారు. స్లీప్‌లో పెట్టి కొలవాలి. లేపే క్షణంలో కూడా మీటర్ మీద కన్ను తీయకూడదు. అంకె ఒక్కసారిగా పడిపోయిందా, దొంగ దొరికినట్టే.

వ్యాఖ్యాత: అది ఎందుకు బలహీనపడుతుంది?

టెక్నీషియన్: ఎక్కువగా దాని లోపల కరెంటును నిల్వ ఉంచే కెపాసిటర్ల వల్ల. స్టాండ్‌బై భాగం ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తూనే ఉంటుంది. మన దగ్గర ఏప్రిల్, మే ఎండలు, దుమ్ముతో మూసుకుపోయిన ఫ్యాను, దానికి తోడు వోల్టేజీ హెచ్చుతగ్గులు. కెపాసిటర్ లోపలి ద్రవం ఆరిపోతుంది, పైకప్పు ఉబ్బుతుంది, అడుగున గోధుమ రంగు పెచ్చు కడుతుంది. అయితే ఒక్క మాట గట్టిగా చెప్తాను, ఎస్‌ఎంపిఎస్ డబ్బా ఎవరూ విప్పకండి. ప్లగ్ తీసేసినా లోపలి పెద్ద కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది. పాతది పక్కన పెట్టి, మంచిదొకటి అరువు తెచ్చి బిగించి చూడండి.

వ్యాఖ్యాత: భోజనం వేళ కరెంటే పోయి ఉంటే?

టెక్నీషియన్: మంచి ప్రశ్న. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయిన షాపులు కోకొల్లలు. స్లీప్‌లో ఉండగా ఒక్క క్షణం కరెంటు పోతే ర్యామ్ ఖాళీ. లాగ్‌లో మళ్లీ అదే 41. అది క్రాష్ కాదు, కరెంటు కోత. పవర్ ఆప్షన్స్‌లో హైబ్రిడ్ స్లీప్ ఉంటే ఆన్ చేసుకోవాలి. అప్పుడు పని ర్యామ్‌తో పాటు డిస్కులోనూ ఉంటుంది, కరెంటు పోయినా అక్కడి నుంచి తిరిగొస్తుంది.

వ్యాఖ్యాత: ఎస్‌ఎంపిఎస్ మార్చినా పోకపోతే?

టెక్నీషియన్: ర్యామ్. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అనే ర్యామ్ సెట్టింగ్ ఆన్ చేసి వేగం పెంచి ఉంటే ముందు అది ఆపేయాలి. మామూలుగా నడిచే ర్యామ్ కూడా ఆ వేగంలో నిద్ర నుంచి లేవడానికి ఇబ్బంది పడుతుంది. తరువాత ర్యామ్ ముక్కలు తీసి, బంగారు పూత ఉన్న అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, పొట్టు ఊదేసి, ఒక్కొక్కటే పెట్టి చూడాలి. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడపాలి. బయోస్ కొత్త వెర్షన్ ఉందేమో చూడాలి. అది ఎక్కించేటప్పుడు యూపీఎస్ తప్పనిసరి, మధ్యలో కరెంటు పోతే మదర్‌బోర్డు లేవకపోవచ్చు.

వ్యాఖ్యాత: డ్రైవర్ వల్ల అయితే ఎలా కనిపెట్టాలి?

టెక్నీషియన్: నీలం తెర వస్తే మన అదృష్టం. లాగ్‌లో 41 వివరాల్లో బగ్‌చెక్ కోడ్ ఉంటుంది. 159 ఉంటే ఏదో ఒక డ్రైవర్ నిద్ర, మెలకువ మధ్య ఇరుక్కుందని అర్థం. కూలినప్పుడు విండోస్ ఫోల్డర్‌లో రాసిపెట్టే మినీడంప్ ఫైలును బ్లూస్క్రీన్‌వ్యూ లాంటి ప్రోగ్రామ్‌లో తెరిస్తే తరచుగా దాని పేరు కూడా చెప్తుంది. నా అనుభవంలో మొదటి ముద్దాయి గ్రాఫిక్స్, రెండోది వైఫై. తయారీదారు సైట్ నుంచి డ్రైవర్ తెచ్చుకోవాలి. యూఎస్‌బీకి తగిలించిన స్కానర్లు, ప్రింటర్లు అన్నీ పీకేసి కూడా ఒకసారి లేపి చూడాలి.

వ్యాఖ్యాత: ఎన్‌ఐటీ విద్యార్థులు కూడా రాస్తున్నారు, మూత మూసి సంచిలో పెట్టిన ల్యాప్‌టాప్ కాజీపేట స్టేషన్ చేరేసరికి బాగా వేడెక్కిపోతోందని.

టెక్నీషియన్: అది వేరే సంగతి. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి పాత స్లీప్ లేదు. మోడర్న్ స్టాండ్‌బై ఉంటుంది, తెర మాత్రమే ఆగి లోపల కొంత పని సాగుతూనే ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ వదిలి స్లాష్ ఏ అని కొడితే తమ దాంట్లో ఏది ఉందో తెలుస్తుంది. ప్రయాణాల్లో మూత మూస్తే హైబర్నేట్ అయ్యేలా పెట్టుకోవడమే ఉత్తమం.

వ్యాఖ్యాత: మన డీటీపీ శ్రోత ఈలోగా ఏం చేయాలి?

టెక్నీషియన్: ఆయన కూడా హైబర్నేట్ వాడుకోవాలి, లేవడానికి కాస్త ఎక్కువ సమయం పట్టినా సరే. భోజనానికి లేచే ముందు కంట్రోల్ ఎస్ నొక్కాలి. ఎస్‌ఎంపిఎస్ కొన్న బిల్లు ఉంటే వారంటీ చూసుకోమనండి, కొన్నింటికి మూడేళ్లు, ఐదేళ్లు కూడా ఉంటుంది. ఇంకోసారి ఫార్మాట్‌కు మాత్రం డబ్బు ఇవ్వొద్దు.