కుండీలో మొక్క, గదిలో గాలి

శ్రోతలకు నమస్కారం. ఈమధ్య ఏ నర్సరీకి వెళ్లినా స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్, అరెకా పామ్ చూపించి, ఇవి ఇంట్లో గాలిని శుద్ధి చేస్తాయండీ అంటున్నారు. మొక్కలు కొనండి, ఇంటి నిండా పెంచుకోండి, నాకూ ఇష్టమే. కానీ ఆ మాట నమ్మి కిటికీలు మూసుకుని మాత్రం కూర్చోవద్దు.

ఈ ప్రచారానికి మూలం 1989 నాటి నాసా ప్రయోగం. మూసిన అంతరిక్ష నివాసాల్లో గాలిని ఎలా బాగుచేసుకోవాలా అని వుల్వర్టన్ అనే శాస్త్రవేత్త బృందం గాలి చొరబడని పెట్టెల్లో మొక్కలు పెట్టి, బెంజీన్, ఫార్మాల్డిహైడ్ లాంటి రసాయనాలు వదిలి చూసింది. అవి తగ్గాయి, నిజమే. అందులో ఆకులతో పాటు వేళ్ల దగ్గర మట్టిలో బతికే సూక్ష్మజీవుల పని కూడా చాలా ఉంది. అయితే మనం ఉండేది సీలు వేసిన పెట్టెలో కాదు కదా! తలుపు సందుల్లోంచి కూడా గాలి వచ్చిపోతూనే ఉంటుంది. 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పాత ప్రయోగాలన్నీ కలిపి లెక్కకడితే, ఊరికే అలా వచ్చిపోయే గాలి చేసేపాటి శుభ్రానికే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. అంటే పది బై పది అడుగుల గదికి తక్కువలో తక్కువ 90 కుండీలు. మంచం వేయడానికి చోటుండదు.

అసలు గాలిని పాడుచేసేదేమిటో చూడండి. ఒక్క దోమల కాయిల్ కాలితే వచ్చే సన్నని పొగ రేణువులు 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో ఒక అధ్యయనం చెప్పింది, దాన్ని పసిపిల్లల మంచం కింద పెట్టి తలుపులేసుకునే ఇళ్లు ఎన్నో! నాకు బాధ కలిగించేది అదే. కాయిల్ మానేసి దోమతెర కట్టండి, ఎండుమిర్చి పోపు వేసేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, అగరుబత్తి వెలిగిస్తే కిటికీ తీయండి, కొత్త ప్లైవుడ్ అల్మరాలు చేయిస్తే ఆ ఘాటు పోయేదాకా తలుపులు తీసి ఉంచండి. రోడ్డు పక్క ఇల్లయితే ట్రాఫిక్ పలచబడ్డాక తీస్తే సరి.

ఇంకొక్క మాట. సీసాలో మనీ ప్లాంట్ పెంచేవాళ్లు వారానికోసారి నీళ్లు పారబోసి, సీసా లోపలి గోడల్ని బ్రష్‌తో రుద్ది కడగండి, ఎందుకంటే డెంగీ దోమ గుడ్లు పెట్టేది నీటి అంచున ఆ గోడలకే, నీళ్లు మార్చినంత మాత్రాన అవి పోవు.