పెళ్ళి ఫోటోలో లేనివాళ్ళు: ఎల్లో ఫీవర్ ప్రయోగాలు, ఒక డాక్టర్ ఉత్తరాలు

నమస్తే. ముందు నా కోపం చెప్పేసుకుంటాను, తర్వాత కథలోకి వెళ్దాం. మా బావమరిది కొడుకు గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. మొన్న భోజనాల దగ్గర వాడు, "ఎల్లో ఫీవర్ దోమతో వస్తుందని కనిపెట్టింది వాల్టర్ రీడ్, తన ఒంటి మీదే దోమని కుట్టించుకుని నిరూపించాడు తెలుసా మామయ్యా" అన్నాడు. అందరూ అబ్బో అన్నారు. నేను మాత్రం చారు గిన్నె పక్కన పెట్టి గంట సేపు క్లాసు పీకాను. ఆ క్లాసే ఈ వీడియో.

ప్రయోగం కోసం రీడ్ (ఈయన అమెరికా సైన్యం డాక్టరు) ఒక్క దోమ చేత కూడా కుట్టించుకోలేదు. మొట్టమొదట దోమ కుట్టి మనిషి పడిపోయిన రోజున ఆయన ప్రయోగాలు జరిగిన క్యూబాలోనే లేడు, వాషింగ్టన్‌లో కూర్చుని టైఫాయిడ్ రిపోర్టు రాసుకుంటున్నాడు. ఇంకోటి, ఎల్లో ఫీవర్ అంటే మన పచ్చకామెర్లు కాదు. కళ్ళు పచ్చబడతాయి నిజమే, కానీ అది వేరే వైరస్, దాన్ని మోసేది దోమ, ముదిరితే నల్లటి వాంతులు. మన దేశంలో ఇది లేదు. ఇంతటితో పాఠం అయిపోయింది.

[స్క్రీన్ మీద: పాత నలుపు తెలుపు పెళ్ళి ఫోటో]

ఇది మా అమ్మమ్మ వాళ్ళింటి ఫోటో. మధ్యలో కుర్చీలో, కండువా వేసుకుని దర్జాగా కూర్చున్నాయన పెళ్ళిపెద్ద. ఫోటో చూసినవాళ్ళు పెళ్ళంతా ఆయనే చేశాడనుకుంటారు. సంబంధం తెచ్చినాయన ఇందులో లేడు, అప్పటికే ఆయనకీ మగపెళ్ళివారికీ మాటల్లేవట. పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకున్న వంటాయనా లేడు. ఇప్పుడు ఆ పెళ్ళికి వెళ్ళిన ముసలాళ్ళని ఒక్కొక్కరినీ విడివిడిగా అడగండి. ఒకరు వాన పడిందంటారు, ఒకరు చినుకు లేదంటారు, పెళ్ళికూతురి బుట్ట ఎత్తింది నేనేనని ముగ్గురు మేనమామలూ ఒట్టేస్తారు. నలభై ఏళ్ళ తర్వాత ఇలా ప్రతి ఒక్కరినీ ఉత్తరాలు రాసి అడిగిన మనిషి గురించే ఈ వీడియో. ఆయన పేరు ఫిలిప్ హెంచ్.

హెంచ్ చరిత్రకారుడు కాదు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్ళ డాక్టరు. 1929లో ఆయన దగ్గరికొచ్చిన ఒక కీళ్ళవాతం పేషెంటు కామెర్లొచ్చాక నొప్పులు తగ్గాయని చెప్పాడు. ఇంకెవరైనా అయితే "మంచిదేగా" అని మందుచీటీ రాసి పంపేవారు. ఈయన ఆ ముక్క పట్టుకుని పందొమ్మిదేళ్ళు తిరిగాడు, 1948లో కార్టిజోన్ అనే కీళ్ళవాతం మందు దగ్గర తేలాడు, 1950లో ఇంకో ఇద్దరితో కలిసి నోబెల్ తీసుకున్నాడు. పేషెంటు యథాలాపంగా అన్న మాటని గాలికి వదలని డాక్టరు, ఉత్తరాల్లోనూ అదే చేశాడని నా అనుమానం. ఎప్పుడు మొదలైంది, అప్పుడు పక్కన ఎవరున్నారు, అంతకుముందు ఏం తిన్నావు. కేస్ హిస్టరీ తీసుకున్నట్టే.

1930ల చివర్లో, అమెరికాలో, ఈ ప్రయోగాల రోజుల్లోనే ప్రాణం పోగొట్టుకున్న లజీర్ అనే డాక్టరు పేరు మీద ఒక కాలేజీ భవనం కట్టే సందర్భంలో హెంచ్ ఈ పనిలోకి దిగాడు. ప్రయోగాల్లో దోమలు కుట్టించుకున్నవాళ్ళు కొందరు అప్పటికి బతికే ఉన్నారు. జాన్ మోరన్, జాన్ కిసింజర్ (ఆ కిసింజర్ కాదండీ, ఇతను మామూలు సిపాయి). లజీర్ భార్య మేబెల్, రీడ్ కుటుంబం, అప్పటి మిలిటరీ డాక్టర్లు, అందరికీ రాశాడు. వచ్చిన జవాబుల్లో ఒకదానికొకటి పొసగని విషయాలు కనిపించాయి. ముందు ముందుకొచ్చింది ఎవరు, ప్రయోగాల క్యాంపు సరిగ్గా ఎక్కడ ఉండేది, మళ్ళీ అదే పెళ్ళి బుట్ట గొడవ.

సరే, పెళ్ళి దగ్గరికి రండి. సంబంధం తెచ్చినాయన కార్లోస్ ఫిన్లే, క్యూబా రాజధాని హవానాలో డాక్టరు. 1881లోనే, అంటే రీడ్ కంటే పందొమ్మిదేళ్ళ ముందే, ఈ జబ్బుని మోసేది దోమ అని సైన్స్ అకాడమీలో చదివాడు, దోమ జాతి కూడా సరిగ్గా చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. పాపం ఆయన ఎన్నిసార్లు దోమలతో కుట్టించి చూసినా ఎవరికీ తేల్చి చెప్పగలిగేలా జబ్బు రాలేదు. ఎందుకు? ఇది నాకు చాలా ఇష్టమైన చోటు, కాబట్టి కొంచెం ఆగుతాను.

దోమ రోగిని కుట్టగానే ఇంకొకరికి జబ్బు అంటించలేదు. వైరస్ దాని పొట్టలో పెరగాలి, అక్కడి నుంచి లాలాజల గ్రంథులకి చేరాలి. అప్పట్లో వాళ్ళు చూసిన లెక్కలో దానికి దాదాపు పన్నెండు రోజులు పట్టింది. పైగా రోగిని జ్వరం వచ్చిన మొదటి మూడు రోజుల్లోపే కుట్టి ఉండాలి, ఆలస్యమైతే దోమకి ఏమీ అంటదు. ఫిన్లే దోమల్ని కొద్ది రోజులే ఆపి ఇంకొకరి మీద వాల్చేసేవాడు. బియ్యం నానకముందే రుబ్బితే అట్టు వస్తుందా? 1898లో మిసిసిపీలో హెన్రీ కార్టర్ అనే ఇంకో డాక్టరు, ఒక ఊళ్ళో మొదటి కేసుకీ తర్వాతి కేసులకీ మధ్య రెండు మూడు వారాల ఖాళీ వస్తోందని లెక్కగట్టాడు. ఈ ఖాళీ లెక్క, ఫిన్లే రీడ్ బృందానికి ఇచ్చిన దోమ గుడ్లు, రెండూ కలిసిన చోట పని జరిగింది. నన్నడిగితే కార్టర్ పేరు కూడా ఆ బిట్టు జవాబులో ఉండాలి.

ఇక వంటాయన. జెస్సీ లజీర్, 34 ఏళ్ళు. 1900 జూన్‌లో అమెరికా సైన్యం పంపిన నలుగురి బృందంలో ఒకడు. మిగతావాళ్ళు రీడ్, జేమ్స్ కారల్, అగ్రమోంటే. దోమల్ని పరీక్ష గొట్టాల్లో పెంచి, ఆసుపత్రికి తీసుకెళ్ళి రోగుల మీద బోర్లించి మేపే పని లజీర్‌ది. ఆగస్టు 27న అలా మేపిన దోమ ఒకటి కారల్‌ని కుట్టింది, నాలుగు రోజులు తిరిగేసరికి కారల్ చావు అంచుల దాకా వెళ్ళాడు. ఆ దోమ పన్నెండు రోజుల కిందట రోగిని కుట్టింది. ఎవరూ లెక్కపెట్టి ఆపలేదు, అలా కుదిరింది.

సెప్టెంబర్ 8న లజీర్ భార్యకి ఉత్తరం రాశాడు. అసలు క్రిమి జాడ దొరికినట్టుంది, కానీ ఇప్పుడే ఎవరి దగ్గరా సూచనగా కూడా అనకు, నేను ఒక్క ప్రాణికి చెప్పలేదు అని. ఆవిడ అప్పుడు అమెరికాలో పసిబిడ్డతో ఉంది, ఆ బిడ్డని ఆయన చూడనేలేదు. సెప్టెంబర్ 25న చనిపోయాడు. ఈ ఉత్తరం హెంచ్ సేకరణలోనే ఉంది. నలభై ఏళ్ళ తర్వాత చెప్పిన జ్ఞాపకం వేరు, ఆ రాత్రే దీపం దగ్గర కూర్చుని భార్యకి రాసుకున్న కాగితం వేరు. వాన పడిందో లేదో మేనమామ కంటే ఆ రోజు పద్దుల పుస్తకం బాగా చెబుతుంది, గొడుగులకి అద్దె కట్టామని రాసుంటుంది కదా.

ఆయనకి జబ్బు ఎలా వచ్చింది? రీడ్ అచ్చు వేయించిన దాని ప్రకారం, ఆసుపత్రిలో ఎగురుతున్న దోమ ఒకటి చేతి మీద వాలింది, ఆయన తోలకుండా ఊరుకున్నాడు. కానీ ప్రయోగాల నోటుపుస్తకంలో సెప్టెంబర్ 13 దగ్గర "గినీ పిగ్ నంబర్ 1" కి, అంటే ప్రయోగానికి దిగిన ఎవరో మనిషికి, దోమ కుట్టించినట్టు ఉంది, పేరు లేదు. అది తనేనా? కావాలనే కుట్టించుకున్నాడని చాలామంది నమ్మకం. నాకూ అదే అనిపిస్తుంది, కానీ అనిపించడం రుజువు కాదు.

[స్క్రీన్ మీద: తెల్ల యూనిఫారాలు, మేడ వరండా, చేతి మీద పరీక్ష గొట్టం]

1939లో డీన్ కార్న్‌వెల్ అనే చిత్రకారుడు ఆ కారల్ దోమకాటుని పెద్ద బొమ్మగా వేశాడు. ఇదే అసలు పెళ్ళి ఫోటో! లజీర్ కారల్ చేతి మీద గొట్టం బోర్లిస్తుంటే పక్కనే రీడ్ నిటారుగా నిలబడి చూస్తున్నాడు. ఇందాకే చెప్పాను, ఆ రోజు ఆయన వాషింగ్టన్‌లో ఉన్నాడు. మోరన్, కిసింజర్ కూడా బొమ్మలో ఉన్నారు, వాళ్ళు రంగంలోకి దిగింది నవంబర్‌లో. బొమ్మ బాగుంటుంది, నాకేం పేచీ లేదు, కానీ మా వాడి బుర్రలో ఉన్న చరిత్ర ఇలాంటి బొమ్మలదే.

మరి రీడ్ ఏం చేశాడు? చాలా చేశాడు, ఆయన్ని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. లజీర్ పోయాక తిరిగొచ్చి నవంబర్ 20న ఊరి బయట ఒక పొలంలో క్యాంప్ లజీర్ తెరిచాడు. చెక్కతో కట్టిన చిన్న గదులు రెండు. మొదటిదాంట్లో కుక్ అనే డాక్టరు, ఇద్దరు సిపాయిలు, రోగుల వాంతులూ మలమూత్రాలూ అంటిన దుప్పట్లలో ఇరవై రాత్రులు పడుకున్నారు. ఆ దుప్పట్ల పెట్టె మూత తీసిన మొదటి రాత్రి కంపు తట్టుకోలేక బయటికి పరిగెత్తారు, మళ్ళీ లోపలికి వెళ్ళారు. ఒక్కరికీ జ్వరం రాలేదు. బట్టలతో అంటుతుందనే పాత నమ్మకం అక్కడితో పోయింది. రెండో గది శుభ్రంగా ఉంటుంది, మధ్యలో ఇనప జాలీ. జాలీకి ఒకవైపు పదిహేను దోమలూ మోరన్, రెండోవైపు దోమల్లేకుండా ఇంకొందరు. క్రిస్మస్ నాటికి మోరన్‌కి జ్వరం. అవతలివాళ్ళు సుబ్బరంగా ఉన్నారు.

మోరన్, కిసింజర్ డబ్బు వద్దన్నారు, దాన్ని అందరూ చెప్పుకుంటారు. డబ్బు తీసుకున్న స్పెయిన్ వలస కూలీల గురించి ఎవరూ చెప్పుకోరు. ఆంటోనియో బెనిగ్నో అనే ఆయనతో 1900 నవంబర్ 26న రీడ్ రాసుకున్న ఒప్పందం హెంచ్ పెట్టెల్లో ఉంది. వంద డాలర్లు బంగారంగా, జబ్బు వస్తే ఇంకో వంద, క్యాంపు దాటి బయటికెళ్తే డబ్బు రాదు. ఇంకో మాట కూడా ఉంది: ప్రాణానికి కొంత ప్రమాదమని తెలుసు, కానీ ఈ దీవిలో ఉంటే ఎలాగూ ఈ జబ్బు తప్పదు కాబట్టి ఇక్కడే తెచ్చుకుంటాను అని. సంతకం తీసుకున్నారు, ఆ రోజుల్లో అదే గొప్ప. కానీ "ఎలాగూ తప్పదు" అనే ఆ ముక్క ఉంది చూశారూ, అది చదివితే నాకు కడుపులో ఏదోలా ఉంటుంది. దీనికి మూడేళ్ళ ముందు మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ మలేరియా దోమ గుట్టు విప్పుతున్నప్పుడు హుస్సేన్ ఖాన్ అనే పేషెంటుకి దోమకి అణా చొప్పున ఇచ్చాడు. రాస్ పేరు బేగంపేటలో బోర్డు మీద ఉంది.

టైమ్ అయిపోతోంది, త్వరగా చెప్పేస్తాను. 1900 డిసెంబర్ 31 రాత్రి 11:50కి రీడ్ భార్యకి ఉత్తరం: పాత శతాబ్దం ఇంకో పది నిమిషాలే, 1853 నాటి ఎల్లో ఫీవర్ పుస్తకం చదువుతూ కూర్చున్నాను, ఈ జబ్బు చుట్టూ ఉన్న తెర తీసే భాగ్యం నాకూ నా సహాయకులకూ దక్కింది అని. "సహాయకులు", అన్నాడు. లజీర్ పోయి మూడు నెలలైంది. 1901లో గోర్గస్ అనే అమెరికా సైన్యం డాక్టరు హవానాలో నీటి తొట్లకి మూతలు వేయించాడు, జబ్బు మాయమైంది. అదే ఏడాది ఆగస్టులో ఇంకో ప్రయోగంలో క్లారా మాస్ అనే నర్సు చనిపోయింది, ఆవిడకి వేరే వీడియో కావాలి. 1902లో రీడ్ అపెండిసైటిస్‌తో పోయాడు. 1937లో థైలర్ అనే శాస్త్రవేత్త ఎల్లో ఫీవర్ టీకా, దానికి 1951 నోబెల్, అంటే హెంచ్ తర్వాతి ఏడాదే.

హెంచ్ క్యూబా వెళ్ళి మోరన్ సాయంతో క్యాంపు స్థలం వెతికాడు. 1940లో దొరికింది, ఆ కంపు దుప్పట్ల చెక్క గది ఇంకా నిలబడే ఉంది! 1952 డిసెంబర్‌లో అక్కడ స్మారకం తెరిచారు. ఇంత చేసినాయన రాద్దామనుకున్న పుస్తకం మాత్రం రాయలేదు. 1965లో చనిపోయాడు, కాగితాలన్నీ భార్య మేరీ వర్జీనియా యూనివర్సిటీకి ఇచ్చేసింది, రీడ్ డాక్టరీ చదివింది అక్కడే.

ఆఫ్రికా వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు పాస్‌పోర్టులోనే పెట్టుకోండి. మా వాడి పరీక్ష వచ్చే నెల. ఆ బిట్టు వస్తే రీడ్ అనే పెట్టమన్నాను, మార్కు పోతుంది మరి.