వెనిస్‌లో గాజు మెట్లు

అందరికీ నమస్కారం. సివిల్ ఇంజనీరింగ్ పిల్లలకు ఏదైనా వంతెన గురించి చెప్పమన్నారు. నేను దాని మెట్ల గురించే ఎక్కువ చెబుతాను, ఏమీ అనుకోకండి.

వెనిస్‌లో బస్సులు, కార్లు పియాజాలే రోమా దగ్గర ఆగిపోతాయి. అక్కణ్నుంచి నడకైనా, పడవైనా. గ్రాండ్ కెనాల్ అవతలి ఒడ్డున రైల్వే స్టేషన్. ఈ రెంటికీ మధ్య 2008 సెప్టెంబరులో ఒక ఉక్కు వంతెన తెరిచారు. డిజైన్ స్పెయిన్ ఆర్కిటెక్ట్ శాంటియాగో కాలట్రావాది. ఇటలీ రాజ్యాంగానికి అరవై ఏళ్లయిన సందర్భం కాబట్టి రాజ్యాంగ వంతెన అని పేరు. ఆ కాలువ మీద ఇది నాలుగోది. వాటిలో అన్నిటికన్నా పాతది, 1591 నాటి రియాల్టో రాతి వంతెన, ఇప్పటికీ జనాన్ని మోస్తోంది. కట్టే రోజుల్లో అది కూలిపోతుందని జోస్యం చెప్పినవాళ్లున్నారు.

పడవలోంచి చూస్తే కొత్త వంతెన అందమే వేరు. దాదాపు 80 మీటర్ల దూరాన్ని ఒక్క అంగలో దాటేస్తుంది. దాని విల్లులాంటి వంపు బాగా చదును. విల్లు ఎంత చదునైతే ఒడ్లను అంత గట్టిగా బయటికి నెడుతుందని మీకు తెలుసు. కింద ఉన్నదేమో వెనిస్ బురద నేల. అందుకే ఒడ్ల కదలికను కొలుస్తూ ఉండాల్సి వచ్చింది.

2019లో మేం వెళ్లిన రోజు పొద్దున్నే వాన పడి వెలిసింది. మెట్లు చాలావరకు గాజువి, తడిస్తే జారేవి. మా ముందు ఒకావిడ పెద్ద సూట్‌కేసు ఈడ్చుకుంటూ ఎక్కుతోంది. ఒక మెట్టు వెడల్పు, తర్వాతిది ఇరుకు. రెండడుగులకోసారి ఆగి కిందకి చూస్తోంది. కాలువ వైపు ఒక్కసారీ చూడలేదు. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని, "ఏమండీ, ఫొటోలు తర్వాత, ముందు కాళ్ల కిందకి చూసుకోండి" అంది. ఆర్కిటెక్చర్ మీద అంత సూటి విమర్శ నేనెక్కడా చదవలేదు!

ఆ సాయంత్రం సందుల్లో తిరుగుతూ చిన్న పాత వంతెనల మెట్లు గమనించాను. నడిచే చోట బూడిదరంగు ట్రాకైట్ రాయి. దగ్గర్లోని యూగేనియన్ కొండలది, గరుగ్గా ఉండి కాలు జారనివ్వదు. ప్రతి మెట్టు అంచునా తెల్లటి ఇస్ట్రియా రాయి. మసక వెలుతురులో కూడా మెట్టు ఎక్కడ అయిపోతుందో ఆ తెల్లగీత చెప్పేస్తుంది. మన కృష్ణా ఘాట్లలో పాచి పట్టిన మెట్టు మీద కాలు పెట్టినవాళ్లకి ఆ గరుకు విలువ వేరే చెప్పక్కర్లేదు.

వీల్‌చైర్ సంగతి ఇంకా విచిత్రం. వంతెన నిండా మెట్లే కదా, తర్వాత పక్కన గుడ్డు ఆకారపు క్యాబిన్ ఒకటి తగిలించారు. 2013లో మొదలైంది. మెల్లగా పోయేది, ఎండాకాలం లోపల ఉడికిపోయేది. చివరికి 2020లో ఊడదీశారు. వంతెన డిజైన్‌లో నిర్లక్ష్యం చూపాడని 2019లోనే ఇటలీ ఆడిట్ కోర్టు కాలట్రావాని 78,000 యూరోలు కట్టమంది. 2022 మొదట్లో నగరపాలక సంస్థ మెట్ల మీది ఆ గాజు తీసేసి రాయి వేయాలని నిర్ణయించింది. అంచనా ఖర్చు 5 లక్షల యూరోలు.

ఎంచుకున్న రాయి ఏదో ఊహించండి. ట్రాకైట్.